ఆవం ఎంచుకున్న కూరగాయ

కింది సగం ఆకుపచ్చటి ఆకులు, పై సగం మీగడ రంగు పువ్వు. మూత తీస్తే పువ్వు నడినెత్తి చేతిలోకి వస్తుంది. ఆకుల మధ్య నుంచి ఒక పక్క కొమ్ము, ఇంకో పక్క పిడి. ఎత్తు అర జానెడు దాటితే గొప్ప. 1760 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు చేసిన కాలీఫ్లవర్ టీపాట్ ఇది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, స్టోక్-ఆన్-ట్రెంట్‌లోని పాటరీస్ మ్యూజియంలో, అమెరికాలోని కొన్ని పెద్ద మ్యూజియాల్లో ఇలాంటివి అద్దాల బీరువాల్లో కనిపిస్తాయి. మూత, కొమ్ము చెక్కుచెదరకుండా ఉన్నది వేలానికి వస్తే వేల పౌండ్లు పోసి కొనేవాళ్లు ఉన్నారు.

చూడగానే ఎవరికైనా నవ్వొస్తుంది. టీ పోసుకునే పాత్ర కూరగాయలా ఉండడమేమిటి? ఈ టీపాట్ల గురించి రాసినవాళ్లు చాలామంది దీన్ని ఆ కాలపు సరదా కింద జమకట్టి ముందుకు వెళ్లిపోతారు. సరదా లేదని నేను అనను. కానీ ఉన్నది సరదా ఒక్కటే అయితే క్యారెట్ టీపాట్లు, బీట్‌రూట్ టీపాట్లు, ఎర్ర ముల్లంగి టీపాట్లు కూడా అంతే విరివిగా వచ్చి ఉండాలి. రాలేదు. ఆ తరం కుమ్మరులు మళ్లీ మళ్లీ చేసింది కాలీఫ్లవర్‌ని. దాని వెనకాలే పైనాపిల్‌ని, కర్బూజాని. ఈ ఎంపికలో సగం పెత్తనం మట్టిదీ, పూతదీ, ఆవంలోని మంటదీ అని నా అభిప్రాయం. ఎందుకు అలా అనుకుంటున్నానో ఈ అధ్యాయంలో చెబుతాను.

చైనా దారి

టీపాట్‌ని కాయలా, పండులా, పువ్వులా మలచాలన్న ఆలోచన ఇంగ్లిషువాళ్లది కాదు. చైనాలో యీషింగ్ అనే ఊరి కుమ్మరులు పూత లేని ఎర్ర రాతిమట్టితో సొరకాయ, గుమ్మడికాయ, తామరపువ్వు, వెదురు కణుపు ఆకారాల్లో చిన్న చిన్న టీపాట్లు చేసేవారు. 17వ శతాబ్దంలో టీతో పాటు అవి కూడా ఓడలెక్కి యూరప్ చేరాయి. 1690లలో ఎలర్స్ సోదరులు స్టాఫర్డ్‌షైర్‌లోని బ్రాడ్‌వెల్ వుడ్‌లో ఎర్రమట్టి టీపాట్లు చేశారు. యీషింగ్ పాత్రలకు అవి అనుకరణలు. స్టాఫర్డ్‌షైర్‌కి టీపాట్ పరిచయం అలా జరిగింది.

18వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి యూరప్ జమీందారుల భోజనాల బల్ల మీద కూరగాయల ఆకారాలు సందడి చేస్తున్నాయి. స్ట్రాస్‌బర్గ్‌లో క్యాబేజీ ఆకారపు సూపు గిన్నెలు, లండన్ దగ్గర చెల్సీ కర్మాగారంలో పింగాణీ ఆస్పరాగస్ కట్టలు, కాలీఫ్లవర్లు తయారయ్యేవి. ఇవన్నీ డబ్బున్నవాళ్ల వస్తువులు. తెల్లటి పాత్ర మీద నిపుణుడైన చిత్రకారుడు ఒక్కొక్క ఆకునీ, ఈనెనీ కుంచెతో దిద్దేవాడు. ఆ రంగుల్ని అతికించడానికి పాత్రను ఇంకోసారి కాల్చాలి. అంత ఖర్చు స్టాఫర్డ్‌షైర్ మట్టిపాత్రల ధరకి కిట్టదు. చిత్రకారుడి కూలి లేకుండా, పాత్ర తనంతట తానే వెలుగునీడలు తెచ్చుకునే ఉపాయం ఏదైనా ఉందా అన్నది వాళ్ల ముందున్న ప్రశ్న.

ఇంతకీ ఆ టీపాట్లలో మరిగిన టీ ఏది? మన అస్సాం టీ అనుకుంటే పొరపాటు. అది మొదటిసారి లండన్ వేలంలో అమ్ముడుపోయింది 1839లో. ఈ టీపాట్ల కాలంలో ఇంగ్లండ్ తాగిందంతా ఈస్టిండియా కంపెనీ కాంటన్ రేవు నుంచి తెచ్చిన చైనా టీయే, దానికి తోడు దొంగరవాణాగా వచ్చినది. దాని మీద పన్ను 1784లో తగ్గించే నాటికి 119 శాతం ఉంది. ఆ ఏడాది చట్టం దాన్ని 12.5 శాతానికి దించింది. కాలీఫ్లవర్ టీపాట్లు అంత చిన్నవిగా ఉండడానికి కారణం అదే. ఆకు ఖరీదైనది, చిటికెడు వేసి కాసిని నీళ్లు పోసేవారు.

చెకుముకి రాయి, తెల్ల మట్టి

స్టాఫర్డ్‌షైర్‌లో ఊరి చుట్టూ దొరికే మట్టి కాలిస్తే ఎర్రబడుతుంది, ముదురు రంగుకి తిరుగుతుంది. దాని మీద లేత రంగులు నిలవవు. తెల్లగా కాలే మట్టి నైరుతి ఇంగ్లండ్‌లోని డెవన్, డార్సెట్ జిల్లాల నుంచి ఓడల మీద, తర్వాత గుర్రాల మీద రావాలి. దానిలో కాల్చి పొడి చేసిన చెకుముకి రాయి కలిపేవారు. నల్లటి చెకుముకి రాయిని బట్టీలో ఎర్రగా కాలిస్తే తెల్లబడి పెళుసవుతుంది. తేలిగ్గా నలుగుతుంది. మొదట్లో పొడిగానే దంచేవారు, ఆ దుమ్ము పీల్చిన కూలీల ఊపిరితిత్తులు రాయి కట్టి పోయేవి. థామస్ బెన్సన్ అనే ఆయన 1726లో, 1732లో నీళ్లలో నూరే పద్ధతికి పేటెంట్లు తీసుకున్నాడు. దాంతో దుమ్ము తగ్గింది. జబ్బు మాత్రం పోలేదు. సిలికోసిస్‌ని ఆ ప్రాంతంలో 'కుమ్మరి జబ్బు' అనే అర్థం వచ్చే పేర్లతోనే పిలిచేవారు.

చెకుముకి పొడి తెలుపుకి మాత్రమే పనికొచ్చేది కాదు. టీపాట్‌లో సలసల మరిగే నీళ్లు పోస్తాం. లోపలి గోడ ఒక్కసారిగా వేడెక్కి వ్యాకోచిస్తుంది, బయటి గోడ ఇంకా చల్లగానే ఉంటుంది. ఈ లాగుడుకి పాత్ర పగలకూడదు, పైనున్న గాజు పూత బీటలివ్వకూడదు. గాజుకి ఒక గుణం ఉంది: నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే పగులుతుంది. కాబట్టి ఆవంలోంచి దిగి చల్లారేటప్పుడు పూత కంటే లోపలి మట్టి కాస్త ఎక్కువగా కుంచించుకుపోవాలి. అప్పుడు పూత ఎప్పటికీ నొక్కుడులోనే ఉంటుంది. మట్టిలో సిలికా పాలు పెంచితే జరిగేది ఇదే. ఆనాటి కుమ్మరులకి ఈ లెక్కలు తెలియవు. పగిలిన పాత్రల గుట్టలే వాళ్లకి పాఠ్యపుస్తకాలు. పాళ్లు కుదరని టీపాట్లని ఈరోజు చూడండి, పూత నిండా సన్నటి బీటల వల పరుచుకుని, అందులోకి పాత టీ మరకలు దిగి ఉంటాయి.

ఈ తెల్లమట్టి మీద రంగులేని సీసపు పూత వేసి కాలిస్తే వచ్చేది స్వచ్ఛమైన తెలుపు కాదు. మట్టిలో మిగిలిన కొద్దిపాటి ఇనుము వల్ల అది పసుపు వైపు మొగ్గిన మీగడ రంగు. చైనా పింగాణీ తెలుపు కోసం ఆశపడ్డ కుమ్మరులకి ఇదొక లోపంగా కనిపించింది. తర్వాత కొన్నేళ్లకి ఆ పసుపు ఛాయని విరగ్గొట్టడానికి పూతలో చిటికెడు కోబాల్టు నీలం కలపడం మొదలుపెట్టారు. కానీ కాలీఫ్లవర్ పువ్వు అచ్చంగా ఏ రంగులో ఉంటుంది? సరిగ్గా ఈ మీగడ రంగులోనే. మిగతా పాత్రల మీద లోపంగా కనిపించిన రంగు ఇక్కడ సొగసై కూర్చుంది. ఏ రంగూ పూయకుండానే సగం టీపాట్ పూర్తయింది.

పువ్వు కాలేకపోయిన పువ్వు

అచ్చు తీసే మనిషి ముందు అసలు కాలీఫ్లవర్ పెట్టుకుని కూర్చున్నాడనుకోండి. అతని పని అంత సులువు కాదు. క్యాబేజీ, బ్రోకలీ, నూల్‌కోల్, కాలీఫ్లవర్ అన్నీ ఒకే వృక్షజాతికి చెందినవి. మనుషులు ఒక్కో అవయవాన్ని పెంచుకుంటూ పోగా ఇన్ని రూపాలొచ్చాయి. కాలీఫ్లవర్‌లో పెరిగింది పూలగుత్తి. నిజానికి మనం తినే ముద్దలో ఒక్క విచ్చిన పువ్వూ ఉండదు. కాండం చివరి పెరుగుదల మొగ్గ పువ్వు కావాలని మొదలుపెడుతుంది, జన్యువుల సంకేతాలు పూర్తిగా అందక మధ్యలోనే ఆగి మళ్లీ కాండంగా మారుతుంది. ఆ కాండం పక్కన కొత్త మొగ్గలు తొడుగుతుంది, అవీ పువ్వు కాబోయి విఫలమవుతాయి. ఈ ప్రయత్నం లెక్కలేనన్నిసార్లు జరిగితే బొడిపె మీద బొడిపె, దాని మీద ఇంకా చిన్న బొడిపె. చిన్నముక్క తుంచినా మొత్తం పువ్వు నమూనాయే కనిపిస్తుంది. ఫ్రాన్స్‌కి చెందిన ఫ్రాన్స్వా పార్సీ, క్రిస్టోఫ్ గోదాన్ బృందం ఈ జన్యు వలయాన్ని విడదీసి 2021లో సైన్స్ పత్రికలో ప్రచురించింది. (మన బజారుకి ఈ కూర వచ్చిన దారి కూడా ఇంగ్లండ్ నుంచే. 1822లో అక్కడి విత్తనాలని సహరాన్‌పూర్‌లోని కంపెనీ తోటలో వేశారు. అంటే కాలీఫ్లవర్ మన నేల మీదికి రాకముందే దాని టీపాట్ పాతబడిపోయింది.)

బొడిపెల మీద బొడిపెలున్న ఈ రూపాన్ని అచ్చులోంచి తీయాలంటే ఒక చిక్కుంది. బొడిపెల కింద లోపలికి తిరిగిన సందులుంటాయి. అచ్చు ఆ సందుల్లో ఇరుక్కుని, పచ్చి పాత్రని చీల్చకుండా బయటికి రాదు. అందుకని శిల్పి కాలీఫ్లవర్‌ని చదును చేశాడు. లోతైన సందులు పూడ్చి, బొడిపెలని నున్నటి గుండ్రాలుగా తగ్గించి, ఆకు ఈనెలని మాత్రం గీతల్లా పైకి తేల్చాడు. మ్యూజియంలో చూసేవాళ్లు 'అచ్చం కాలీఫ్లవరే' అంటారు. దగ్గరగా చూస్తే అది అచ్చు ఒప్పుకున్నంత మేరకే కాలీఫ్లవర్.

అచ్చుల మట్టి కథ కూడా చెప్పుకోదగ్గదే. అంతకుముందు కాల్చిన మట్టి అచ్చుల్లోనో, లోహపు అచ్చుల్లోనో పాత్రలు ఒత్తేవారు. 1745 ప్రాంతంలో కోబ్రిడ్జ్ కుమ్మరి రాల్ఫ్ డేనియల్ ఫ్రాన్స్ నుంచి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చుల పద్ధతి తెచ్చాడని చెబుతారు. వినాయక చవితి విగ్రహాల పుణ్యమా అని ఈ పదార్థం మనందరికీ తెలుసు. జిప్సం రాయిని 150 డిగ్రీల దగ్గర వేడి చేస్తే అందులోని నీటిలో ముప్పాతిక వంతు ఎగిరిపోయి పొడి మిగులుతుంది. ఆ పొడికి నీళ్లు కలిపితే మళ్లీ జిప్సంగా గట్టిపడుతుంది. అలా గట్టిపడ్డ ముద్ద నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. పల్చటి మట్టి జారుని అందులో పోస్తే ఆ రంధ్రాలు నీటిని పీల్చేస్తాయి. గోడల వెంబడి మట్టి పొర కడుతుంది, మిగిలిన జారుని వంపేస్తారు. ఆరేకొద్దీ పొర కుంచించుకుని అచ్చుని తనంతట తానే వదిలేస్తుంది. ఒకసారి నిపుణుడు చెక్కిన కాలీఫ్లవర్ నుంచి ఎన్ని అచ్చులైనా తీసుకోవచ్చు. ఒక్కో అచ్చు నుంచి కూలి కుర్రాడు కూడా పదుల పాత్రలు తీయగలడు. కుమ్మరి సారె మీద గుండ్రనివి మాత్రమే వస్తాయి. అచ్చు వచ్చాక ఆకారానికి హద్దు లేకుండా పోయింది.

ఏడో నంబరు ప్రయోగం

ఇప్పుడు ఆకుపచ్చ సంగతి. ఇసుకలోని సిలికా కరగాలంటే 1700 డిగ్రీల వేడి కావాలి, ఏ కుమ్మరి ఆవమూ దాన్ని అందుకోలేదు. సీసపు ఆక్సైడ్ కలిపితే అదే సిలికా 1000 డిగ్రీల లోపే కరిగి గాజవుతుంది. పైగా సీసం ఉన్న గాజు కాంతిని ఎక్కువగా వంచుతుంది. మామూలు గాజు వక్రీభవన గుణకం 1.5 దగ్గరుంటే ఇది 1.6 దాటుతుంది. ఆ తడి మెరుపు అక్కణ్ణించే వస్తుంది. ఇందులో రాగి ఆక్సైడ్ కలిస్తే ఆకుపచ్చ. ఇనుము కలిస్తే తేనె పసుపు, మాంగనీస్ కలిస్తే గోధుమ, ఊదా రంగులు, కోబాల్టు కలిస్తే నీలం. అదే రాగిని సీసం లేని క్షార పూతలో వేస్తే నెమలి నీలం వస్తుంది, పొగ నిండిన ఆవంలో కాలిస్తే ఎరుపు. స్టాఫర్డ్‌షైర్ కుమ్మరి చేతిలో ఉన్నది సీసపు పూత, పొగ తగలని ఆవం. కనక అతనికి రాగి అంటే ఆకుపచ్చే.

ఆ రంగుల పట్టికలో నికరమైన ఎరుపు లేదు, నారింజ లేదు. క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి ఎందుకు రాలేదో ఇక వేరే చెప్పక్కర్లేదు. ఆకుపచ్చ, మీగడ రంగు ఉంటే కాలీఫ్లవర్. ఆకుపచ్చ, పసుపు ఉంటే పైనాపిల్, కర్బూజా. ఉన్న రంగులకి సరిపోయే కూరగాయలే కొలువుకెక్కాయి.

మంచి ఆకుపచ్చ కోసం తంటాలు పడ్డ మనిషి జొసాయా వెడ్జ్‌వుడ్. 1730లో బర్స్‌లెమ్‌లో కుమ్మరి కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు సోకిన మశూచి కుడి మోకాలిని పాడుచేసింది. 1768లో ఆ కాలు తీసేశారు. సారె దగ్గర కూర్చునే ఒడుపు తగ్గి, బుద్ధి ప్రయోగాల మీదికి మళ్లిందని జీవితచరిత్రకారులు అంటారు. 1754 నుంచి 1759 దాకా అతను ఫెంటన్‌లో థామస్ వీల్డన్ అనే పెద్ద కుమ్మరికి భాగస్వామి. అక్కడే ప్రయోగాల పుస్తకం మొదలుపెట్టాడు. తరవాత ఐదు వేలకు పైగా ప్రయోగాలు చేసిన మనిషి, మొదట్లోనే ఏడో నంబరు కింద ఆకుపచ్చ పూత పాళ్లు రాసుకున్నాడు. తేదీ 1759 మార్చి 23. పాళ్లని అంకెల సంకేతాల్లో దాచాడు, పక్క ఆవం వాడు చూసినా అర్థం కాకుండా. ఆకుపచ్చ పూతలు అంతకుముందూ ఉన్నాయి. వెడ్జ్‌వుడ్ సాధించింది మరకలు కట్టకుండా సమంగా పరుచుకునే, లోపలి గీతలు కనిపించేంత పారదర్శకమైన ఆకుపచ్చ.

ఆ పారదర్శకతలోనే చిత్రకారుడి కూలి మిగిలిపోయింది. పూత కరిగినప్పుడు ద్రవంలా నడుస్తుంది. ఉబ్బెత్తు ఈనెల మీద నుంచి జారి ఈనెల మధ్య గాడుల్లో నిలుస్తుంది. కాంతి పూత గుండా లోపలికి వెళ్లి, తెల్లమట్టిని తాకి, తిరిగి పూత గుండానే బయటికొస్తుంది. ఒక మందం పూతలో సగం వెలుతురు పోతుందనుకుంటే, రెట్టింపు మందంలో పావు వంతే మిగులుతుంది. రంగు ద్రావణాలకి వర్తించే బియర్-లాంబర్ట్ నియమం ఇదే. కనక ఈనెలు లేత ఆకుపచ్చగా, గాడులు చిక్కటి ఆకుపచ్చగా వాటంతటవే తేలతాయి. నీడలు వేయడానికి ఎవరూ కుంచె పట్టలేదు. భూమ్యాకర్షణ వేసింది. చెల్సీ చిత్రకారుడు రోజంతా చేసిన పనిని స్టాఫర్డ్‌షైర్ ఆవం ఒక్క కాల్పులో చేసిపెట్టింది. దీనికి నున్నటి పాత్ర పనికిరాదు. గాడులు, గుట్టలు నిండిన ఆకారం కావాలి. ఈనెల ఆకులున్న కూరగాయని వెతుక్కున్నది పూతే అని నేననేది అందుకే.

ఆవంలో పొగ తగిలితే ఈ పనంతా బూడిదే. బొగ్గు పొగలోని కార్బన్ సీసపు ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ని లాగేసుకుంటే లోహ సీసం బయటపడి పూత నల్లబారుతుంది. అందుకని పాత్రలని మోటు మట్టి పెట్టెల్లో పెట్టి, మూతల సందులు మట్టితో మెత్తి ఆవంలో దొంతర్లుగా పేర్చేవారు. వేడి ఎంతుందో కొలిచే సాధనం లేదు. మంట రంగు చూసి చెప్పే ముసలి కార్మికుడి కన్నే కొలమానం. వెడ్జ్‌వుడ్‌కి ఇది నచ్చలేదు. మట్టి బిళ్ల ఎంత వేడికి ఎంత కుంచించుకుపోతుందో కొలిచే ఉష్ణమాపకాన్ని 1782లో తయారుచేశాడు. మరుసటి ఏడాది రాయల్ సొసైటీ అతన్ని సభ్యుణ్ణి చేసింది. 

వెడ్జ్‌వుడ్ 1759లో బర్స్‌లెమ్‌లో సొంత ఆవం పెట్టుకున్నాక కాలీఫ్లవర్ అచ్చు పని అంతా తన చేత్తో చేయలేదు. వీల్డన్ దగ్గర పనినేర్చుకున్న విలియం గ్రేట్‌బ్యాచ్ 1762 ప్రాంతంలో ఫెంటన్‌లో దుకాణం తెరిచి, అచ్చుపోసి ఒకసారి కాల్చిన పాత్రలని పూత లేకుండా వెడ్జ్‌వుడ్‌కి పంపేవాడు. గడ్డి చుట్టిన బుట్టల్లో అవి కొన్ని మైళ్లు ప్రయాణం చేసి బర్స్‌లెమ్‌లో పూత వేయించుకునేవి. ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు, సరకు పట్టీలు కొన్ని మిగిలాయి. కాబట్టి 'ఈ టీపాట్ ఎవరిది' అన్న ప్రశ్నకి తరచుగా రెండు పేర్లు జవాబవుతాయి.

సంబరం ఎక్కువ కాలం సాగలేదు. 1765లో షార్లెట్ రాణి వెడ్జ్‌వుడ్ మీగడ రంగు టీ సెట్‌ని మెచ్చింది, అతను దానికి 'క్వీన్స్ వేర్' అని పేరు పెట్టుకుని అమ్మకాలు పెంచుకున్నాడు. జనం అభిరుచి గ్రీకు, రోమన్ కలశాల వైపు తిరిగింది. మరుసటి ఏడాదే మిత్రుడు బెంట్లీకి రాసిన ఉత్తరంలో రంగు పాత్రల సరకంటే తనకి విసుగు పుట్టిందని, గిడ్డంగి ఖాళీ చేస్తున్నానని చెప్పాడు. 1769లో ఎట్రూరియా కర్మాగారం తెరిచేనాటికి అతని ధ్యాసంతా కలశాల మీదే. తన తొలి విజయం మీద ఇంత త్వరగా మొహం మొత్తిన శాస్త్రవేత్తలు అరుదు. వ్యాపారులు మాత్రం చాలామందే ఉంటారు. లండన్ వద్దనుకున్న సరకుకి అమెరికా వలస రాజ్యాలు గిరాకీ ఇచ్చాయి. అక్కడి పాత ఇళ్ల పెరళ్లలో తవ్వితే ఇప్పటికీ కాలీఫ్లవర్ పెంకులు బయటపడుతుంటాయి.

ముద్ర లేని పాత్రలు

సేకరించేవాళ్లకి అసలు తలనొప్పి ఇక్కడ మొదలవుతుంది. ఈ టీపాట్ల అడుగున పేరు, ముద్ర దాదాపు ఎప్పుడూ ఉండవు. వందేళ్లకి పైగా వర్తకులు రంగు పూత ఉన్న ప్రతి స్టాఫర్డ్‌షైర్ పాత్రకీ 'వీల్డన్' అని పేరు తగిలించి అమ్మారు. అది అలవాటే తప్ప ఆధారం కాదు. డజన్ల కొద్దీ ఆవాలలో ఇవే పాత్రలు తయారయ్యాయి. 'వీల్డన్ తరహా' అని రాసే వర్తకుడు కాస్త నిజాయితీపరుడు.

గట్టి ఆధారం చెత్తగుంటలో దొరికింది. 1782లో దివాలా తీసిన గ్రేట్‌బ్యాచ్ దుకాణం పక్కన, ఏళ్లతరబడి పారబోసిన పగుళ్లు, వంకరలు, మాడినవి పొరలు పొరలుగా పేరుకుని ఉన్నాయి. 1970ల చివర్లో స్టోక్ మ్యూజియం పురావస్తు బృందం దాన్ని తవ్వింది. డేవిడ్ బార్కర్ ఆ పెంకులని ఏళ్లపాటు వర్గీకరించి పుస్తకంగా తెచ్చాడు. ఒక అచ్చులో ఆకు ఈనె ఎక్కడ చీలిందో, కొమ్ము మొదట్లో బొడిపెలు ఎలా ఉన్నాయో, ఆ అచ్చు నుంచి వచ్చిన ప్రతి పాత్ర మీదా అదే ఉంటుంది. చెత్తలోని పెంకు మీది ఈనె, బీరువాలోని టీపాట్ మీది ఈనె కలిస్తే తయారీదారు దొరికినట్టే. నన్నడిగితే చెక్కుచెదరని టీపాట్ కంటే ఆ పెంకుల పెట్టెలే విలువైనవి. మంచి పాత్ర తన పుట్టుక చెప్పదు, చెడిన పెంకు చెబుతుంది.

కొత్త నకలుని పాతదని అంటగట్టేవాళ్లని పట్టుకోవడానికి ప్రయోగశాల ఉంది. మట్టిలోని క్వార్ట్జ్ రేణువులు చుట్టూ ఉన్న సహజ రేడియోధార్మికత నుంచి కొంచెం కొంచెంగా శక్తిని దాచుకుంటాయి. ఆవంలో కాలినప్పుడు ఆ లెక్క సున్నాకి వస్తుంది, అప్పటినుంచి మళ్లీ పోగుపడుతుంది. అడుగు నుంచి చిటికెడు పొడి తీసి వేడిచేస్తే ఆ శక్తి మసక వెలుగుగా బయటికొస్తుంది, దాన్ని బట్టి వయసు తెలుస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో అభివృద్ధి చెందిన ఈ పద్ధతికి పొరపాటు పరిధి పెద్దదే. టీపాట్ 1760 నాటిదా, 1960 నాటిదా అన్నది తేల్చగలదు. 1760 నాటిదా, 1790 నాటిదా అంటే చేతులెత్తేస్తుంది. అతుకులు కనిపెట్టడానికి అతినీలలోహిత దీపం చాలు. కొత్త జిగురు, రంగు ఆ వెలుతురులో పాత పూతకి భిన్నంగా మెరుస్తాయి. 1851 లండన్ ప్రదర్శన తర్వాత మింటన్ కర్మాగారం ప్రచారంలోకి తెచ్చిన మజోలికా పాత్రలు కూడా కూరగాయల ఆకారాల్లో వచ్చాయి. అవి బరువుగా, లోపలి వైపు గులాబీ, లేత నీలం పూతలతో ఉంటాయి. పోర్చుగల్‌లోని కల్దాష్ ద రైన్య క్యాబేజీ గిన్నెలు ఇంకా తర్వాతివి. వీటిని 18వ శతాబ్దపు సరకుగా పొరబడి ఎక్కువ ధర పెట్టినవాళ్లు చాలామంది.

నారిచ్ కోటలోని మ్యూజియంలో బ్రిటిష్ టీపాట్లు వేలకొద్దీ ఉన్నాయి. అన్ని టీపాట్లని ఒకచోట చూసినప్పుడు ఒక సంగతి తోస్తుంది: వీటిలో ఏది ధారగా పోస్తుందో, ఏది గడ్డం కిందికి కారుస్తుందో సేకరించినవాళ్లెవరికీ తెలియదు. కొమ్ము అంచు నుంచి టీ వెనక్కి కారడం భౌతికశాస్త్రంలో పేరున్న సమస్య. జోసెఫ్ కెల్లర్ 1957లో దాని మీద పరిశోధన పత్రం రాశాడు. కారని కొమ్ము ఎలా ఉండాలో లెక్కగట్టినందుకు కెల్లర్‌కి, వాన్‌డెన్ బ్రోక్‌కి 1999లో ఇగ్ నోబెల్ అనే సరదా శాస్త్ర బహుమతి ఇచ్చారు. అంచు ఎంత పదునుగా ఉంటే కారడం అంత తక్కువ. కాలీఫ్లవర్ కొమ్ముల అంచు పూత పేరుకుని గుండ్రంగా ఉంటుంది. బల్లగుడ్డలు తడిసే ఉంటాయి.

సీసం లెక్క

అందానికి పెట్టిన ఖర్చు కార్మికుల ఒంట్లో జమైంది. సీసపు పొడి కలిపిన జారులో రోజంతా పాత్రలు ముంచే మనుషులకి కడుపునొప్పులు, చేతులు వాలిపోవడం, మతి చలించడం మామూలు. వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉండేవారు. 1899లో రసాయనవేత్త థార్ప్, వైద్యుడు థామస్ ఆలివర్ బ్రిటిష్ ప్రభుత్వానికి దీని మీద నివేదిక ఇచ్చారు. సీసాన్ని ముందే సిలికాతో కరిగించి గాజుగా మార్చి, పొడి చేసి వాడితే ఒంట్లో అంతగా కరగదని వాళ్లు చెప్పారు. నియమాలు కఠినం కావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. నివేదిక వచ్చేనాటికే కాలీఫ్లవర్ టీపాట్ మొదట కాలిన రోజు నుంచి దాదాపు నూట నలభై ఏళ్లు.

కాలిన పూతలో కూడా సీసం కదలకుండా పడి ఉండదు. పులుపు తగిలితే కొద్దికొద్దిగా కరిగి వస్తుంది. పూతలో రాగి ఉంటే ఆ కరగడం బాగా ఎక్కువవుతుందని రసాయన పరీక్షలు చెబుతాయి. అంటే కంటికి ఇంపైన ఆకుపచ్చే ఎక్కువ ప్రమాదం. టీపాట్‌లో ఆకుపచ్చ బయటి వైపు ఉంటుంది, లోపలిది రంగులేని సీసపు పూత. ఆకుపచ్చ ఆకు ఆకారంలో చేసిన పళ్ల పళ్లేలు అందుకన్నా చెడ్డవి. మన ఆవకాయ జాడీతో వీటిని పోల్చుకోకండి. జాడీ రాతిమట్టిది, చాలా ఎక్కువ వేడిలో కాలింది, పులుపుని తట్టుకోవడానికే పుట్టింది. ఈ టీపాట్లు మెత్తటి మట్టివి, తక్కువ వేడివి.

ఇంగ్లండ్‌లో ఉన్న తెలుగువాళ్లు వీటిని చూడాలనుకుంటే విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌కి టికెట్ అక్కర్లేదు. 2014లో విరాళాలతో కాపాడుకున్న వెడ్జ్‌వుడ్ సేకరణ కూడా ఇప్పుడు ఆ మ్యూజియం సొత్తే, అది ఉండేది మాత్రం స్టోక్ దగ్గర బార్లాస్టన్‌లో. కొనాలన్న ఆశ ఉంటే ముందు మూత తీసి చూడండి. మూత ఆకుపచ్చ, ఒంటి ఆకుపచ్చ ఒకటి కాకపోయినా, మూత అంచు గట్టు మీద సరిగ్గా కూర్చోకపోయినా, అది వేరే టీపాట్ మూత. ధర సగానికి అడగండి. పూతలో సీసం ఎంతుందో ఎక్స్‌రే పరికరంతో గీత పడకుండా చెప్పే ప్రయోగశాలలు ఉన్నాయి. వాటి జవాబు ఎలా వచ్చినా, ఆ టీపాట్‌లో టీ మాత్రం పోయకండి.